పలక మీద పదకొండో పేరు

కొండ కింద, పార్కుల ఆఫీసు
మార్చి 9

తమ్ముడూ,

ఉత్తరం ఇంటికి కాకుండా నీ ల్యాబుకి వచ్చిందేమిటా అని కంగారుపడకు. అందరం బాగానే ఉన్నాం. మీ ఇంట్లో ఫోను నాన్న కుర్చీని ఆనుకునే ఉంటుంది, ఆయనవి పాముచెవులు. ఈ సంగతి ఆయన చెవిన పడకముందే నీకు తెలియాలి.

నాకు కొత్తగా అప్పగించిన పని గురించి చెప్పాను కదా. నగరానికి అరగంట బస్సు దూరంలో ఉన్న ఈ కొండని నడకకి వచ్చేవాళ్ల కోసం బాగుచేస్తున్నారు. దారులు కొలిచి మ్యాపు గీయడం నా వంతు. టేపూ దిక్సూచీ రంగు డబ్బా పట్టుకుని రోజూ ఎక్కి దిగుతున్నాను. తేలిక దారికి రాళ్ల మీద పచ్చ గీత, నిటారుగా ఉన్నదానికి ఎర్ర గీత. యుద్ధంలో ఇక్కడ పద్దెనిమిది రోజులు పోరాడారని మనం బడిలో చదువుకున్నదే. ఇప్పుడు చూస్తే నమ్మబుద్ధి కాదు. కందకాలనిండా ఫెర్న్ మొక్కలు, గుండ్లు పడ్డ గోతుల్లో నీళ్లు, నీళ్లలో కప్పలు. ఫిరంగి నిలబెట్టిన సిమెంటు దిమ్మ మీద సెలవు రోజున జనం దుప్పట్లు పరుచుకుని భోంచేస్తున్నారు.

కొండకి సగం ఎత్తులో ఒక సొరంగం ఉంది. మందుగుండు దాచే చోటట. ఒక ఉదయం గుండు పడి పైనున్న మట్టి మొత్తం జారిపోయింది. లోపలున్న పదకొండు మంది లోపలే ఉండిపోయారు. పేలని గుండ్లు ఉంటాయన్న భయంతో ఎవరూ తవ్వలేదు, అడ్డంగా గోడ కట్టి వదిలేశారు. ఇప్పుడు తవ్వబోతున్నారు. తవ్వాక అక్కడ పదకొండు పేర్లతో రాతి ఫలకం పెడతారు.

ఆ గోడ దగ్గరికి ప్రతి ఆదివారం ఒక పెద్దావిడ వస్తుంది. డెబ్భై ఏళ్లు. మడత స్టూలు వేసుకుని, గోడవైపు తిరిగి కూర్చుని, ఆ వారం సంగతులన్నీ లోపలున్న అన్నకి చెబుతుంది. పైకప్పు కారుతోందనీ, పక్కింటివాళ్ల కుక్క మళ్లీ తప్పిపోయిందనీ. నగరంలో బొత్తాలూ దారాలూ అమ్మే కొట్టు ఆవిడది, అందుకే మా ఆఫీసులో అందరికీ బొత్తాలావిడ. యాభై ఏడేళ్లుగా వస్తోంది. మతి చలించిందేమో అనుకున్నాను మొదట. కాదు, నీకన్నా నాకన్నా తెలివిగా ఉంది.

తవ్వకానికి బంధువుల సంతకాలు కావాలి. నిన్న ఆవిడ సంతకం కోసం వెళ్లాను. కొట్టు మీద ఒకే గది. గోడకి ఒక ఫోటో. కుర్చీలో ఆవిడ తల్లి, పక్కన పరికిణీ వయసులో ఈవిడ, వెనకాల కుర్చీ మీద చెయ్యివేసి నిలబడ్డ ఒక యువకుడు. అన్నయ్యేనా అని అడిగాను. కాదట. అన్నయ్య ఫోటో ఒక్కటీ లేదట. ఈ అబ్బాయి అన్నయ్యతో పాటు కొండ మీద టెలిఫోను వైర్ల పనిచేసినవాడు, చావు కబురు ఇంటికి మోసుకొచ్చినవాడు. ఆ తర్వాత ఆరేళ్లపాటు నెల నెలా వచ్చి చూసిపోయేవాడట. వాళ్లమ్మ అతన్ని "పెద్దోడా" అని పిలిచేదట. ఆమె పోయాక ఊరు విడిచి వెళ్లిపోయాడనీ, ఎక్కడున్నా చల్లగా ఉండాలనీ అంది.

ఆ యువకుడి ఎడమ చెవి తమ్మె కింద రెండుగా చీలి ఉంది. తమ్ముడూ, అది నాన్న. యుద్ధమంతా పిండిమరలో బస్తాలు మోశానని మనకి చెప్పిన నాన్న.

ఆవిడకి నేనేమీ చెప్పలేదు. నువ్వు వీలు చూసుకుని, ఆయన్ని బెదరగొట్టకుండా అడుగు.

అక్క


ల్యాబు
మార్చి 27

అక్కా,

ఆలస్యమైంది. ఈ నెల పళ్ల సెట్లు కుప్పలుగా వచ్చిపడ్డాయి. డాక్టర్లు కొలతలు పంపేసి చేతులు దులుపుకుంటారు, ఇక్కడ మైనమూ ప్లాస్టరూ నా బతుకు.

అడిగాను. ఆదివారం పొద్దున కాఫీ తాగుతున్నప్పుడు, ఏదో పేపర్లో చదివినట్టు, ఆ కొండ మీద సొరంగం తవ్వుతున్నారట నాన్నా అన్నాను. కప్పు కింద పెట్టాడు. పై సెట్టూ కింది సెట్టూ రెండూ తీసి గ్లాసులో వేసి మూత పెట్టేశాడు. నీకు గుర్తుంది కదా, మాట్లాడటం ఇష్టం లేకపోతే ఆయన చేసే పని అది. నేను నా చేతులతో చేసి ఇచ్చిన పళ్లు నా నోరే మూయిస్తాయని చేసినప్పుడు అనుకోలేదు. మూడు రోజులు జావ తాగి గడిపాడు. మీ మరదలు నన్ను తిట్టింది.

నాలుగో రోజు ల్యాబుకి బయల్దేరుతుంటే, గుమ్మం దగ్గర నిలబెట్టి చెప్పాడు. కొండ మీద ఉన్నాడట. వైర్లు లాగేవాడట, టెలిఫోను దగ్గర కూర్చునేవాడట. పిండిమర అబద్ధం. ఎందుకు చెప్పావు అంటే, పిల్లలకి యుద్ధం గురించి ఏం చెబుతాం అన్నాడు. బాగానే ఉంది, చాలామంది తండ్రులు అలాగే చేసి ఉంటారు అనుకున్నాను.

కానీ తర్వాత ఒక మాట అన్నాడు. తవ్వొద్దని మీ అక్కతో చెప్పు, దాని మాట ఆఫీసులో వింటారు కదా, అని. ఎందుకు నాన్నా అంటే, పడుకున్నవాళ్లని లేపడం దేనికి అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది నాకు. బొత్తాలావిడ మాట ఎత్తలేదు. ఎత్తాలా?

తమ్ముడు


కొండ కింద, పార్కుల ఆఫీసు
మే 16

తమ్ముడూ,

నా మాట మీద ఆగే తవ్వకం కాదు ఇది. ఆగినా ఆపేదాన్ని కాదు.

పోయిన నెల మూడో వారంలో గోడ కొట్టారు. మందుగుండు నిపుణులు ముందు లోపలికి వెళ్లి, రెండు వారాలు పోయాక మిగతావాళ్లని రానిచ్చారు. లోపల నేను కూడా కొలతలు తీసుకోవాలి కాబట్టి వెళ్లాను. పొడవు ముప్పై ఒక్క మీటర్లు, ఎత్తు మీటరున్నర. తలవంచి నడవాలి. చెక్క పెట్టెలు పొడిపొడిగా అయిపోయాయి, ఇనుప మగ్గులు మాత్రం అలాగే ఉన్నాయి. ఇంకేం చూశానో రాయను.

ఎముకల డాక్టరు ఒకామె వచ్చింది. మాట తక్కువ మనిషి. పది రోజులు టార్పాలిన్ కింద కూర్చుని లెక్కపెట్టింది, మళ్లీ లెక్కపెట్టింది. పదిమందే ఉన్నారు. సొరంగం చివరిదాకా జల్లెడ పట్టారు. పదకొండో మనిషి లేడు.

బొత్తాలావిడ ఆ రోజుల్లో పనిదినాల్లో కూడా వస్తోంది. తాడు కట్టిన హద్దు దాటదు. అన్నయ్య ఆరడుగుల రెండంగుళాలు, తోటివాళ్లు నిచ్చెన అని పిలిచేవాళ్లు, పొడుగు ఎముకలు కనిపిస్తే నాకు చెప్పండి చాలు, అని డాక్టరుని అడిగింది. డాక్టరు నావైపు చూసింది. ఆ పదిమందిలో ఎవరూ అంత పొడుగు కాదు. రిపోర్టు రావడానికి నెల రోజులు పడుతుందని ఆమె ఆవిడకి చెప్పింది. అది నిజమే, కానీ ఆమె అలా అంది అసలు సంగతి చెప్పలేక.

పదకొండు పేర్ల జాబితా ఎక్కడిదని పాత కాగితాలు తిరగేశాను. సొరంగంలోకి వెళ్లేవాళ్ల పేర్లు ద్వారం దగ్గర ఒక పలక మీద రాసేవారట. ఆ పలక చూసి రాసుకున్నది ఆ జాబితా. పలక రాసే పని టెలిఫోను దగ్గర కూర్చునే మనిషిది.

ఇప్పుడు నాన్నని రెండే ముక్కలు అడుగు. ఆ పొద్దున లోపలికి ఎంతమంది వెళ్లారు? పలక మీద ఎంతమంది పేర్లు రాశాడు?

అక్క


ఇంటి నుంచి
మే 29

అక్కా,

నీ ఉత్తరం ఆయన ముందు పెట్టేశాను. డొంకతిరుగుడు నాకు చేతకాదు. అద్దాలు పెట్టుకుని చదివాడు. డాక్టరు లెక్క పది అని నువ్వు రాసిన చోట వేలు పెట్టి, అవును పదిమందే అన్నాడు. ఈసారి పళ్లు తియ్యలేదు.

జరిగింది ఇది. నిచ్చెనా నాన్నా ఒకే డేరాలో ఉండేవాళ్లు. నిచ్చెనకి సొరంగం అంటే ప్రాణసంకటం. ఆ ఎత్తుకి లోపల రోజంతా నడుం వంచుకుని మోయాలి. ముందురోజు పక్కవాడు చనిపోవడం చూశాడు. ఆ పొద్దున డబ్బాలు పట్టుకుని ఊట దగ్గర నీళ్లు తెస్తానని వెళ్లాడు. వెళ్తూ నాన్న భుజం మీద చెయ్యివేసి ఒక్క క్షణం నిలబడ్డాడట. నాన్నకి అప్పుడే అర్థమైంది, ఇతను తిరిగిరాడని. పారిపోయినవాణ్ణి పట్టుకుంటే కాల్చేసేవాళ్లు ఆ రోజుల్లో. ఒక గంట ముందుండనీ అని నాన్న పలక మీద అతని పేరు కూడా రాశాడు, లోపల పనిలో ఉన్నట్టు. మధ్యాహ్నం తుడిచేద్దామనుకున్నాడు.

పది గంటలకి గుండు పడింది.

పై అధికారి పరిగెత్తుకొచ్చి పలక చూశాడు. పదకొండు పేర్లు రాసుకున్నాడు. నాన్న నోరు విప్పలేదు. విప్పితే నిచ్చెనని వెతికి చంపుతారు, దొంగ పేరు రాసినందుకు తననీ వదలరు. వారం తర్వాత ఆ ఇంటికి కబురు చెప్పి రమ్మని పంపింది కూడా నాన్ననే.

చెబుతున్నంతసేపూ ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పాడు, గొంతు మారలేదు. తర్వాత నిచ్చెన ఏమయ్యాడు అని అడిగాను. తెలీదన్నాడు. నది దాటి ఉంటాడన్నాడు.

పోనీ, ఒక ప్రాణం కాపాడాడు అనుకుందాం. కానీ ఆ పిల్ల పదమూడేళ్లనుంచీ డెబ్భై ఏళ్లదాకా గోడకి కబుర్లు చెబుతూ కూర్చుంది కదా అక్కా. యుద్ధం అయ్యాక ఒక్క మాట చెవిలో వెయ్యలేకపోయాడా? అది అడగలేదు. నాకు ధైర్యం చాల్లేదు.

తమ్ముడు


కొండ కింద, పార్కుల ఆఫీసు
జూన్ 5

తమ్ముడూ,

నువ్వు అడగనిది నేను అడుగుతాను. నాన్నకి చదివి వినిపించు.

పారిపోయినవాళ్లందరికీ యుద్ధమయ్యాక పదేళ్లకి క్షమాభిక్ష పెట్టారు. అంటే ఆ తర్వాత నాన్నకి భయపడాల్సిన పని లేదు. అప్పటినుంచీ ఇప్పటిదాకా నలభై ఏళ్ల పైమాటే. నది దాటినవాడు ప్రాణమిత్రుడికి ఒక్క ఉత్తరం ముక్క కూడా రాయలేదంటే నేను నమ్మను.

డాక్టరు రిపోర్టు పదిహేడున వస్తుంది. ఫలకం చెక్కే ఆయన జాబితా కోసం ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. రిపోర్టు వస్తే ఆఫీసువాళ్లు బొత్తాలావిడకి ఒక కాగితం పంపుతారు, మీ అన్నగారి అవశేషాలు లభ్యం కాలేదు అని. ఆవిడ ఈ సంగతి కాగితంలో చదవకూడదు. నేను చెప్పడం కూడా సరికాదు. ఆ ఇంటికి చావు కబురు తీసుకెళ్లిన మనిషే ఇదీ చెప్పాలి.

నాన్నని రైలెక్కించు.

అక్క


ల్యాబు
జూన్ 9

అక్కా,

వస్తున్నాడు. గురువారం పగటి రైలు, మూడో బోగీ. నేను రాలేను, రెండు ఆసుపత్రుల ఆర్డర్లు ఉన్నాయి. నిజం చెప్పాలంటే అది సాకు. ఆయన చెబుతుంటే పక్కన నిలబడాలని లేదు.

నువ్వు అనుమానించింది నిజం. నాలుగేళ్ల తర్వాత నిచ్చెన ఉత్తరం రాశాడట, ఏదో రేవు ఊరు నుంచి, వేరే పేరుతో. అమ్మా చెల్లీ ఎలా ఉన్నారు, రావచ్చా, అని. నాన్న వద్దని రాశాడట. ఇంకా వెతుకుతున్నారు, వస్తే నిన్నూ నన్నూ పట్టుకుంటారు అని. తర్వాత ఉత్తరాల్లేవట. ఇదంతా ఆవిడకి తనే చెబుతానన్నాడు. చెప్పేసి పోతే తేలిగ్గా ఉంటుంది అన్నాడు. ఎక్కడికి పోతావు అన్నాను. నవ్వాడు.

బీపీ మాత్ర పొద్దున, మోకాలికి నూనె మధ్యాహ్నం. కొత్త బూట్లు కొన్నాను, కొంచెం బిగువు, రెండు జతల సాక్సులు వెయ్యనివ్వకు. కింది సెట్టు వదులైంది, గట్టి పదార్థాలు వద్దు. మెల్లిగా ఎక్కించు.

తమ్ముడు


ఇంటి నుంచి
జూన్ 18

తమ్ముడూ,

నాన్నని ఈ పొద్దున రైలెక్కించాను. ఈ ఉత్తరం కన్నా ముందే ఆయన నీ దగ్గరికి చేరతాడు, కానీ ఆయన చెప్పేదీ నేను చూసిందీ ఒకటే అవుతాయో లేదో, అందుకని రాస్తున్నాను.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. పచ్చదారి పట్టుకుని బల్ల బల్లకీ ఆగుతూ వెళ్దామనుకున్నాను. రెండో మలుపు దగ్గర ఆయన నా మాట వినకుండా ఫెర్న్ మొక్కల్లోకి దిగాడు. నేను మూడు నెలలు కొలిచినా కనిపెట్టని బాట అది. నేరుగా ఊట దగ్గరికి తీసుకెళ్లాడు. దోసిట్లో నీళ్లు తీసుకుని చూసి, తాగకుండా వదిలేశాడు. అక్కణ్ణుంచి సొరంగం నూట ఇరవై అడుగులు అన్నాడు. తర్వాత టేపు పట్టి చూశాను. నూట పద్దెనిమిది.

బొత్తాలావిడ స్టూలు మీద కూర్చుని ఉంది. గోడ పోయింది కదా, ఇప్పుడు ఇనుప తలుపు. నేను ఇంకా నోరు తెరవకముందే నాన్న చెవివైపు చూసి లేచి నిలబడింది. "అన్నయ్యా" అంది. అంతే. స్టూలు ఆయనకి ఇచ్చేసి తను రాయి మీద కూర్చుంది. నువ్వు ఈ అన్నయ్య కూతురివా, అందుకేనా ఫోటో చూసి అలా అయిపోయావు అని నన్ను అడిగింది.

నాన్న చెప్పాడు. పలక దగ్గర మొదలుపెట్టి ఉత్తరందాకా. నీకు చెప్పినట్టే, గొంతు మార్చకుండా. వినడం అయ్యాక ఆవిడ ఇనుప తలుపువైపు చూసింది. ముందు నవ్వింది. ఇన్నేళ్లూ మా ఇంటి గుట్టంతా ఎవరికి చెప్పుకున్నట్టు మరి, ఆ పదిమందికీ కంఠతా వచ్చేసి ఉంటుంది అంది. తర్వాత ఏడ్చింది. తర్వాత ఆ రేవు ఊరి పేరు అడిగింది. నాన్న చెప్పాడు. బస్సులో నాలుగు గంటల దూరం.

ఇక నువ్వు తెలుసుకోవాల్సింది ఇది. ఆవిడ నాన్న రెండు చేతులూ పట్టుకుని అంది:

"నువ్వు రావొద్దన్నావు కాబట్టి బతికాడు. మా అమ్మకి చెప్పి ఉంటే అమ్మ ఆగేది కాదు, వెళ్లి పట్టించేసేది. మాకోసం ఇంత మోశావా అన్నయ్యా."

నాన్న తల ఊపాడు. నేను పక్కనే ఉన్నాను. క్షమాభిక్ష సంగతి ఆవిడ అడగలేదు, ఆయన ఎత్తలేదు. నేను ఎత్తబోయి మానుకున్నాను. ఆవిడ ముఖంలో ఆ వెలుగు చూశాక నావల్ల కాలేదు.

దిగేటప్పుడు ఆవిడే నాన్న చెయ్యి పట్టుకుని దింపింది. వచ్చే నెల మొదట్లో ఆ ఊరు వెళ్తుందట. నన్ను తోడు రమ్మంది.

అక్క


ల్యాబు
జూన్ 30

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

ఇక్కడ మన ఇంట్లో కొత్త మనిషి ఉన్నాడు. కొండ నుంచి వచ్చినప్పటినుంచీ నాన్న నోరు మూయడం లేదు. ఆకలి పెరిగింది. పక్కింటాయనకి, పాల మనిషికి, పోస్టు మనిషికి కూడా యుద్ధం కథ చెబుతున్నాడు. పలక మీద ఒక్క పేరు రాసి ఒక ప్రాణం ఎలా నిలబెట్టాడో. మొదట్లో మధ్యాహ్నం తుడిచేద్దామనుకున్నాను అనేవాడు. ఇప్పుడు ఆ ముక్క ఎగిరిపోయింది. గుండు పడుతుందని ముందే తెలిసినట్టు చెబుతున్నాడు. నిన్న మీ మరదలు, పోనిద్దురూ ముసలాయన సంతోషంగా ఉన్నాడు కదా అంది. అదీ నిజమే. సంతోషంగానే ఉన్నాడు. చూస్తుంటే నాకే ఎక్కడో కలుక్కుమంటోంది.

నువ్వు ఆ ఊరు వెళ్లావా? బతికే ఉన్నాడా?

తమ్ముడు


రేవు ఊరు, బస్టాండు పక్క గది
జూలై 8

తమ్ముడూ,

రేపు పొద్దున బస్సు. బొత్తాలావిడ పక్క మంచం మీద పడుకుని ఉంది, నిద్రపోవడం లేదు. లైటు ఆర్పేలోపే రాసేస్తాను.

నిచ్చెన లేడు. పోయి రెండేళ్లయింది. మారుపేరు పట్టుకుని రేవులో అడిగితే, పడవలు బాగుచేసే షెడ్డు చూపించారు. అది ఇప్పుడు కూతురు నడుపుతోంది. నలభై అయిదేళ్లు ఉంటాయి. షెడ్డులోంచి వస్తూ తలుపు చట్రం దగ్గర తల వంచింది. అంత పొడుగు. బొత్తాలావిడ ఇక వేరే రుజువు అడగలేదు.

నేను మీ నాన్న చెల్లెల్ని అని బొత్తాలావిడ చెబితే ఆ అమ్మాయి నమ్మలేదు. మా నాన్నకి ఎవరూ లేరండీ, అమ్మా చెల్లీ యుద్ధంలోనే పోయారు, బడిలో బంధువుల పేర్లు రాయమంటే నాన్నవైపు ఖాళీగా వదిలేసేదాన్ని అంది. ఎవరు చెప్పారు అని అడిగాం. లోపలికి వెళ్లి రేకు పెట్టె తెచ్చింది. అందులో ఒకే ఒక్క ఉత్తరం.

దాన్ని దీనితో పాటు పెడుతున్నాను. నాలుగే వాక్యాలు. మీ వీధి మీద బాంబులు పడ్డాయి. అమ్మా చెల్లీ లేరు. నీ పేరు పోయినవాళ్లలో ఉంది, ఉండనీ. ఇక్కడికి వస్తే నీకు చూడటానికి ఏమీ మిగల్లేదు. కింద సంతకం ఉంది. సంతకం లేకపోయినా ఆ వాలు చేతిరాత మనిద్దరికీ తెలియంది కాదు, మన ప్రోగ్రెస్ కార్డుల నిండా అదే కదా.

బొత్తాలావిడ చదివింది. తేదీ చూసింది. ఆ నెల తనకి టైఫాయిడ్ అనీ, మూడు వారాలు మంచం దిగలేదనీ, రోజూ మందులు తెచ్చి ఇచ్చింది ఈ ఉత్తరం రాసిన మనిషేననీ చెప్పింది. చాలా నెమ్మదిగా చెప్పింది, కొట్లో దారం రంగు చెప్పినట్టు. తర్వాత కాగితం మడత పెట్టి నా చేతికిచ్చింది.

"ఇది మీ నాన్నగారికి ఇవ్వమ్మా. ఆయనది ఆయన దగ్గరే ఉండాలి."

కొండ మీద అన్నయ్య అన్న మనిషి ఆవిడే.

సాయంత్రమంతా మేనత్తా మేనకోడలూ షెడ్డులో తలకిందులుగా బోర్లించిన పడవ మీద కూర్చున్నారు. నిచ్చెన ఎలా నవ్వేవాడు, ఏం తినేవాడు కాదు, ఎలా దగ్గేవాడు, అన్నీ అడిగి తెలుసుకుంది మేనత్త. నేను కాస్త దూరంగా నిలబడ్డాను. ఆ అమ్మాయి నన్ను కూడా కూర్చోమంది. ఎవరి కూతురినో తెలిసే అంది.

ఫలకం మీద పది పేర్లే ఉంటాయి. జాబితా నిన్ననే పంపేశాను.

నాన్నకి ఈ ఉత్తరం చూపించాలా వద్దా అని నిన్ను అడగను. ఇవ్వమని నాకు చెప్పారు, నేను నీకు పంపుతున్నాను.

అక్క


ఇంటి నుంచి
జూలై 16

అక్కా,

ఇచ్చాను.

భోజనం అయ్యాక, బల్ల శుభ్రం చేశాక, మీ మరదల్ని బయటికి పంపి ఇచ్చాను. కాగితం విప్పక ముందే ఆయనకి తెలిసిపోయింది. మడతల దగ్గర చినగకుండా విప్పి, అద్దాలు లేకుండానే చదివాడు. అంటే చదవలేదు, గుర్తుంది ఆయనకి. నా రాతే అన్నాడు.

నేను అరుద్దామనుకున్నాను. నీ ఉత్తరం అందినప్పటినుంచీ మాటలు కూడబెట్టుకున్నాను. చివరికి ఎందుకు నాన్నా అని మాత్రం అడిగాను. పట్టుబడతావనే భయమా?

మొదట అవునన్నాడు. తర్వాత కాదన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, మార్చకుండా.

కబురు చెప్పడానికి వెళ్లిన రోజు ఆ తల్లి ఏడవలేదట. కూర్చోబెట్టి కంచం పెట్టిందట. వాడికోసం వండాను, నువ్వు తిను అందట. నాన్నకి ఇరవై ఏళ్లు. తల్లి ఎలా ఉంటుందో ఎరగడు, అనాథాశ్రమంలో వరసలో నిలబడి తిన్న మనిషి. అప్పటిదాకా ఎవరూ నువ్వు తిన్నావా అని అడిగింది లేదట. నెల జీతం రాగానే ఆ ఇంటికి వెళ్లేవాడు. వెళ్తే ఆమె చొక్కా కాలరు సరిచేసేది, జుట్టు పెరిగిందని తిట్టేది. పెద్దోడా అనేది. నాలుగేళ్లు అలా గడిచాక నిచ్చెన ఉత్తరం వచ్చింది.

ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని ఆ ఇంటికే వెళ్లాడట చెబుదామని. చెల్లెలికి జ్వరం. ఆ తల్లి తలుపు తీసి, వచ్చావా నాయనా, నువ్వొచ్చావు నాకిక భయం లేదు అందట. మందులు తేవడానికి బయటికి వచ్చి, దారిలో పోస్టాఫీసులో నిలబడి ఆ నాలుగు వాక్యాలు రాశాడు. పోస్టు చేసి, మందులు కొనుక్కుని, మళ్లీ ఆ ఇంటికే వెళ్లాడు.

ఆమె పోయాక చెల్లెలికి చెబుదామనుకున్నాడట. చెప్పాలంటే ఈ ఉత్తరం సంగతి కూడా చెప్పాలి. ఊరు వదిలేశాడు. తర్వాత మన అమ్మ వచ్చింది, మనం పుట్టాం. పిండిమర వచ్చింది.

ఈ ఉత్తరం చూసి ఆ చెల్లెలు ఏమంది అని అడిగాడు. నువ్వు రాసినట్టే చెప్పాను, మీ నాన్నగారికి ఇవ్వమంది అని. ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడు. ఇక వెళ్లను, వెళ్లి ఆవిడ ఎదుట నిలబడితే మళ్లీ ఏదో ఆశించినట్టే అవుతుంది అన్నాడు. నిచ్చెన కూతురికి మాత్రం ఒక ఉత్తరం రాశాడు. మూడు రోజులు పట్టింది. నేను చదవలేదు, మూసిన కవరు పోస్టు చేశాను. జవాబు వస్తుందని ఆయన అనుకోవడం లేదు. నేనూ అనుకోవడం లేదు.

నాకు కోపం పోలేదక్కా. పోతుందో లేదో తెలీదు. పొద్దున కింది సెట్టు సరిచేసి పెట్టాను, ఎప్పటిలాగే నోరు తెరిచి కూర్చున్నాడు. పాల మనిషి కొండ కథ చెప్పమంటే, అదంతా నేను కల్పించింది అన్నాడు.

ఒక్కటి అడగకుండా ఉండలేకపోయాను. అద్దాలు తుడుచుకుంటూ ఉన్నాడు. నాన్నా, నిచ్చెన వచ్చి ఉంటే ఏమయ్యేది అన్నాను. యాభై మూడేళ్లలో మొదటిసారి ఆలోచిస్తున్నట్టు ఆలోచించాడు.

"ఏమీ అయ్యేది కాదు," అన్నాడు. "ఆ తల్లి ఇద్దరికీ కంచం పెట్టేది."

తమ్ముడు